స్విచ్ వేసేదెవరు, ఆపేదెవరు?

విజయవాడ ఆటోనగర్‌లో తలుపులు, ద్వారబంధాలు చెక్కే షెడ్డు. అందులో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు బల్ల ఉన్న సీఎన్‌సీ రౌటర్. దానికి ప్యానెల్ కట్టినాయన ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైన ఎలక్ట్రీషియన్. షెడ్డులో అందరికీ బాబాయే. మెషీన్ నడిపే అబ్బాయికి ఒకటే కోరిక. స్పిండిల్‌తో పాటు పొట్టు లాగే మోటారు, స్పిండిల్‌ని చల్లబరిచే నీళ్ల పంపు, చెక్కని బల్లకి పట్టి ఉంచే వాక్యూమ్ పంపు, గాలి వాల్వు అన్నీ ప్రోగ్రాంలోంచే నడవాలి. ఆ విషయం మీద ఇద్దరి వాదం ఇది.

అబ్బాయి: బాబాయ్, ఈ ప్యానెల్ తలుపు మీద ఐదు స్విచ్‌లు పెట్టారు. పని మొదలెట్టే ముందు ఒక్కొక్కటే వేసుకుంటూ రావాలి, అయ్యాక ఒక్కొక్కటే ఆపుకుంటూ పోవాలి. ప్రోగ్రాంలో ఇది నాలుగు లైన్ల పని. ఎం3 అంటే స్పిండిల్ తిరుగుతుంది, ఎం5 అంటే ఆగుతుంది. ఎం7, ఎం8 కూలెంట్ కోడ్లు, ఎం9తో రెండూ ఆగుతాయి. చెక్క పనిలో కూలెంట్ ఎటూ వాడం కాబట్టి ఎం8ని పొట్టు మోటారుకీ, ఎం7ని గాలి వాల్వుకీ ఇచ్చేస్తే సరి. చాలా షాపుల్లో చేస్తున్నదే.

బాబాయి: చేస్తున్నారు, కాదనను. కానీ స్విచ్ వేసే మనిషి మెషీన్ దగ్గర నిలబడి ఉంటాడు. మోటారు మోత మారితే ఠక్కున పట్టుకుంటాడు. ప్రోగ్రాం వేసిన స్విచ్‌కి ఆ చెవి లేదు.

అబ్బాయి: ఆ చెవి ఉన్న మనిషే మరచిపోతున్నాడు కదా. మొన్న నైట్ షిఫ్టులో కుర్రాడు పొట్టు మోటారు వేయకుండానే రెండు ఎండీఎఫ్ షీట్లు జాలీ కోసేశాడు. పొద్దున చూస్తే పట్టాల మీద, స్క్రూల మీద, కంప్యూటర్ ఫ్యాన్‌లో అంతా దుమ్మే. మెషీన్ని తుడుచుకోవచ్చు. వాడి ఊపిరితిత్తుల్ని ఎవరు తుడుస్తారు? కలప ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చి, దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. ఎం3కి పైలైన్లో ఎం8 రాసి ఉంటే వాడు మరచిపోయే ప్రసక్తే లేదు.

బాబాయి: దీనికి ఎదురు చెప్పను. మరుపుకి ప్రోగ్రాం మంచి మందే. పొట్టు మోటారు నీ ఎం8కే ఇద్దాం. మరి దేంతో ఇస్తావు?

అబ్బాయి: ఇదిగో, నాలుగు రిలేల బోర్డు. ఒక్కో రిలే మీద 10 యాంపియర్లు, 250 వోల్టులని అచ్చేసి ఉంది. ఐదు వోల్టుల కాయిల్ 70 మిల్లీయాంపియర్లు అడుగుతుందనీ, కంట్రోలర్ పిన్ 20కి మించి ఇవ్వకూడదనీ నాకు తెలుసు. బోర్డు మీద ట్రాన్సిస్టర్, ఆప్టోకప్లర్ రెండూ ఉన్నాయి.

బాబాయి: పిన్ సంగతి బాగానే చూసుకున్నావు, కాంటాక్టు సంగతి చూడలేదు. ఆ పది యాంపియర్లు హీటర్ లాంటి లోడుకి రాసింది. ఇది 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. నడిచేటప్పుడే పదిహేను దాకా లాగుతుంది, స్టార్టింగులో దానికి ఐదారు రెట్లు. కాంటాక్టు నాలుగు రోజులు కొట్టుకుంటుంది, ఐదో రోజు మెరుపుకి కరిగి అతుక్కుపోతుంది. అప్పుడు నీ ప్రోగ్రాం ఎం9 అంటుంది. తెర మీద గుర్తు ఆరిపోతుంది, బోర్డు మీద ఎల్‌ఈడీ కూడా ఆరిపోతుంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అబ్బాయి: అయితే ఈ చిన్న రిలేతో కాంటాక్టర్ కాయిల్‌ని లాగిద్దాం. మోటారు సంగతి కాంటాక్టర్ చూసుకుంటుంది.

బాబాయి: అదీ పద్ధతి. కాయిల్‌కి అడ్డంగా ఆర్‌సీ స్నబ్బర్ కూడా పెట్టు, 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్. డీసీ కాయిల్ అయితే తిరగేసిన డయోడ్ ఒకటి చాలు. కాయిల్ ఆగేటప్పుడు ఎగిరే వోల్టేజి పక్క తీగల్లోకి దూకుతుంది. యూఎస్‌బీ ఊరికే తెగిపోతోందనీ, లిమిట్ స్విచ్ తగలకుండానే అలారం వస్తోందనీ మీరంతా సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు ఇక్కడ ఉంటుంది.

అబ్బాయి: అంటే సాఫ్ట్‌వేర్ నిర్దోషి అని మీరే ఒప్పుకున్నారు.

బాబాయి: ఆ ఒక్క కేసులో. పాత ప్యారలల్ పోర్టు రోజులు గుర్తు తెచ్చుకో. పాతిక పిన్నుల్లో పన్నెండు ఔట్‌పుట్లు. కంప్యూటర్ ఆన్ చేసి విండోస్ లేచేలోపు ఆ పిన్నులు తమ ఇష్టం వచ్చినట్టు పైకీ కిందికీ పోయేవి. మెషీన్ నడిపే మాక్3 సాఫ్ట్‌వేర్ తెరవకముందే రిలేలు టకటకమనేవి.

అబ్బాయి: అందుకే కదా మాక్3లో చార్జ్ పంప్ పెట్టారు. సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపూ ఒక పిన్ మీద 12.5 కిలోహెర్ట్జ్ పల్సులు పంపుతుంది. పల్సులు ఆగితే బోర్డు ఔట్‌పుట్లన్నీ వదిలేస్తుంది. తాను చచ్చిపోతే ఆ సంగతి సాఫ్ట్‌వేరే చెప్పగలుగుతోంది.

బాబాయి: చచ్చినవాడు తన చావు తానే చెప్పుకోలేడురా, పక్కనున్నవాడు చూసి చెప్పాలి. పల్సు అందకపోతే ఔట్‌పుట్ తెంచేది బోర్డు మీదున్న ఆ చిన్న సర్క్యూట్. నా వాదనకి నువ్వే సాక్ష్యం తెచ్చావు.

అబ్బాయి: సరే, ఇంకో సాక్ష్యం తెస్తాను, ఇది నా వైపుది. మీ తరంలోనూ ఇదే గొడవ వచ్చింది. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ విభాగం, కారు మోడల్ మారినప్పుడల్లా రిలే ప్యానెళ్ల వైరింగ్ పీకి కట్టడం తమవల్ల కాదు, ప్రోగ్రాంతో మార్చుకునే కంట్రోలర్ కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 తయారుచేసింది. పీఎల్‌సీ అలా వచ్చింది. ‘రిలే అయితే కంటికి కనిపిస్తుంది’ అంటూ దాన్ని కాదన్నవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. చివరికి మీరు కూడా పీఎల్‌సీలే కట్టారుగా?

బాబాయి: కట్టాను, ఇష్టంగానే కట్టాను. కానీ ఏది పీఎల్‌సీలోకి పోయింది, ఏది పోలేదో చూడు. వరస, టైమింగు, లెక్కింపు, అంటే మారుతూ ఉండేవన్నీ పోయాయి. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నుంచి కాంటాక్టర్ కాయిల్‌కి పోయే తీగ మాత్రం ఉన్నచోటే ఉంది.

అబ్బాయి: ఇప్పుడు ఆ పని చేసే సేఫ్టీ పీఎల్‌సీలు కూడా వచ్చాయి. ఐఈసీ 61508 అని దానికో ప్రమాణమే ఉంది.

బాబాయి: ఉంది. వాటిలో మామూలుగా రెండు దారులుంటాయి, ఒకటి చేసిన లెక్కని ఇంకోటి సరిచూస్తుంది, తేడా వస్తే ఔట్‌పుట్ వదిలేస్తాయి. నీది అలాంటిదా? ఆర్డుయినో ఊనో బోర్డు మీద కంట్రోల్ సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్, పక్కన ఒక ల్యాప్‌టాప్. తీగ తీసేసి సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకుంటే ఏమైందో పెద్ద యంత్రాల చరిత్రలోనే ఉంది. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం చేసింది. అంతకుముందరి థెరాక్-20లో ప్రమాదకరమైన అమరికని అడ్డుకోడానికి విడిగా హార్డ్‌వేర్ ఇంటర్‌లాకులు ఉండేవి. కొత్తదాంట్లో అవి తీసేసి ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు. 1985 నుంచి 1987 మధ్య ఆరుగురు రోగులకి మోతాదుకి ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది, కొందరు చనిపోయారు. తర్వాత చూస్తే ఆ తప్పుల్లో ఒకటి పాత యంత్రం సాఫ్ట్‌వేర్లోనూ ఉంది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, ఫ్యూజు పోయేదంతే.

అబ్బాయి: మనది టేకు చెక్క బాబాయ్. అంత దూరం పోవాలా?

బాబాయి: చెక్కకి నిప్పంటుకోదా? నువ్వే చెప్పు. స్పిండిల్ 18,000 ఆర్‌పీఎం మీద ఉంది, బిట్టు చెక్కలో దిగి ఉంది. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోయింది. జీఆర్‌బీఎల్ ఏం చేస్తుంది?

అబ్బాయి: బఫర్‌లో ఉన్న పది పదిహేను కదలికలు పూర్తిచేసి, తర్వాతి లైను కోసం ఎదురుచూస్తుంది.

బాబాయి: స్పిండిల్?

అబ్బాయి: తిరుగుతూనే ఉంటుంది. ఎం5 అందలేదు కదా.

బాబాయి: బిట్టు ఒకేచోట తిరిగితే చెక్క నల్లబడుతుంది, పొగ లేస్తుంది. నువ్వు ఎం8తో వేసిన పొట్టు మోటారు కూడా ఆన్‌లోనే ఉంది. ఆ నిప్పుకణాన్ని లాగి సంచీ నిండా ఉన్న పొట్టులో వేస్తుంది. ఇందులో ప్రోగ్రాం తప్పేమీ లేదు, చివరిగా విన్న మాట మీద నిలబడి ఉందంతే. ఇంకోటి. ఆపరేటర్ పాజ్ నొక్కితే?

అబ్బాయి: కదలిక ఆగుతుంది. స్పిండిల్, పొట్టు మోటారు ఆగవు. అవి కూడా ఆగాలంటే సేఫ్టీ డోర్ అని వేరే ఆదేశం ఉంది.

బాబాయి: ఆ తేడా కొత్తగా చేరిన కుర్రాడికి తెలుసా? గ్యాంట్రీ ఆగింది కదా అని బిట్టు పక్కన ముక్క తీయడానికి చెయ్యి పెడతాడు.

అబ్బాయి: నేర్పిద్దాం. కరెంటు పోతే ఎలాగూ అన్నీ ఆగిపోతాయి, వచ్చాక కంట్రోలర్ రీసెట్ అవుతుంది, ఔట్‌పుట్లన్నీ ఆఫ్‌లోనే లేస్తాయి.

బాబాయి: నీ కంట్రోలర్‌కి కరెంటు ఎక్కణ్నుంచి?

అబ్బాయి: ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి. రిలే బోర్డుకి కూడా.

బాబాయి: ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. లైన్లో కరెంటు పోయినా నీ కంట్రోలర్ మేలుకునే ఉంటుంది, రిలే లాగే ఉంటుంది. డ్రైవర్లకి కరెంటు లేక గ్యాంట్రీ కదలదు, ప్రోగ్రాం మాత్రం కదిలిందనుకుని ముందుకు పోతూ ఉంటుంది. రెండు నిమిషాలకి కరెంటొచ్చింది. పొట్టు మోటారు దానంతటదే లేస్తుంది. గ్యాంట్రీ ఉన్నది ఒకచోట, ఉన్నాననుకుంటున్నది ఇంకోచోట, అక్కణ్నుంచి పరిగెత్తుతుంది. పొలం మోటార్లకి పెట్టే ఆటోస్టార్టర్ కథే ఇది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోయే ముందు, ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులకి ఊరూరా చెప్పారు. కరెంటు రాగానే మనిషి లేకుండా మోటారు లేస్తే నీళ్లు అడుగంటుతాయని. అందుకే మెయిన్ కాంటాక్టర్‌ని పాత స్టార్టర్ పద్ధతిలోనే కట్టాను. కరెంటు పోతే పడిపోతుంది, మళ్లీ మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కితే గానీ లేవదు. నీ రిలేలన్నీ దాని తర్వాతే.

అబ్బాయి: ఈ దెబ్బ గట్టిదే, ఒప్పుకున్నా. కానీ మీ తీగకీ కళ్లు లేవు బాబాయ్. ఎర్ర బటన్ కొడితే మీ ప్యానెల్ ఏం చేస్తుంది? మొత్తం కట్ చేస్తుంది. వాక్యూమ్ పంపు కూడా ఆగుతుంది. వేగాన్ని అదుపుచేసే వీఎఫ్‌డీకి కరెంటు పోయాక స్పిండిల్ ఆ ఊపులో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కింద పట్టు వదిలిన చెక్క, పైన తిరిగే బిట్టు. అది ఎవరి మీదికి ఎగురుతుందో చెప్పగలరా? మీరు నమ్మే యంత్రాల విద్యుత్ భద్రత ప్రమాణం ఐఈసీ 60204-1లోనే ఆపడానికి వేర్వేరు కేటగిరీలు రాశారు. కరెంటు వెంటనే తీసేయడం కేటగిరీ 0. కరెంటు ఉంచి, దాంతోనే యంత్రాన్ని నిలబెట్టి, ఆ తర్వాత తీసేయడం కేటగిరీ 1. ఎమర్జెన్సీ స్టాప్‌కి రెండూ పనికొస్తాయి. ఆపడంలోనూ వరస ఉంది. వరస అంటే ప్రోగ్రామే.

బాబాయి: ఇది సరైన మాట. వాక్యూమ్‌ని ఎర్ర బటన్ లైన్లోంచి తీసి ఆఫ్-డిలే టైమర్ మీద పెట్టాలి. బటన్ కొట్టగానే వీఎఫ్‌డీ బ్రేక్ వేసి స్పిండిల్‌ని ఆపాలి, టైమర్ తన సమయం అయ్యాకే వీఎఫ్‌డీనీ వాక్యూమ్‌నీ వదలాలి. వీఎఫ్‌డీ ఔట్‌పుట్‌కీ స్పిండిల్‌కీ మధ్య మాత్రం ఎప్పుడూ రిలే పెట్టకు, తిరుగుతుండగా తెంచితే వీఎఫ్‌డీ పోతుంది. దాని స్టార్ట్ టెర్మినళ్ల మధ్య పెట్టు.

అబ్బాయి: టైమర్ కూడా ఒక ప్రోగ్రామే కదా బాబాయ్.

బాబాయి: ఒకే లైనున్న ప్రోగ్రాం. దానికి ఎవడూ అప్‌డేట్ పంపడు, అది నిద్రపోదు. ఇప్పుడు నీళ్ల పంపుకి రా. తెర మీద నీలం గుర్తు వెలిగింది, పంపు ఆన్. అంటే ఏంటి?

అబ్బాయి: ఆ పిన్ ఐదు వోల్టులకి వెళ్లిందని.

బాబాయి: నీళ్లు తిరుగుతున్నాయని కాదు. బకెట్లో నాచు పట్టి పంపు ఫ్యాన్ బిగుసుకుపోయినా ఆ గుర్తు వెలుగుతూనే ఉంటుంది. 2.2 కిలోవాట్ల స్పిండిల్, 24,000 దాకా తిరిగేది, నీళ్లు లేకుండా ఎంతసేపు ఓర్చుకుంటుంది? వెనక్కొచ్చే గొట్టంలో ధార పడుతోందా లేదా అని చెయ్యి పెట్టి చూసేవాణ్ని నేను.

అబ్బాయి: ఆ చెయ్యి పని ఫ్లో స్విచ్‌కి ఇద్దాం. దీనికి జీఆర్‌బీఎల్ చాలదు, లినక్స్‌సీఎన్‌సీకి మారాలి. అందులో ఎం66 ఉంది. ‘ఎం66 పీ0 ఎల్3 క్యూ5’ అని రాస్తే సున్నా నంబరు ఇన్‌పుట్ వచ్చేదాకా ఐదు సెకన్లు చూస్తుంది. రాకపోతే 5399 నంబరు వేరియబుల్లో మైనస్ ఒకటి పడుతుంది. అది చూసి ఎం3 దాకా పోకుండా ప్రోగ్రాంని ఆపేయొచ్చు. పొట్టు మోటారు కాంటాక్టర్ మీదున్న ఆక్సిలరీ కాంటాక్టుని కూడా ఇలాగే చదివితే, మీరన్న అతుక్కుపోయే జబ్బు తెర మీద కనిపిస్తుంది.

బాబాయి: మొదట్లో ఒకసారి చూస్తే సరిపోతుందా? గంటన్నర కోతలో నడుమ పంపు ఆగితే?

అబ్బాయి: దానికి జీ-కోడ్‌తో పనిలేదు. లినక్స్‌సీఎన్‌సీలో హాల్ అని ఒక పొర ఉంది, అందులో సిగ్నళ్లని తీగల్లాగే ఒకదానికొకటి ముడేసుకోవచ్చు. ప్రోగ్రాం ఏ లైన్లో ఉన్నా ఫ్లో స్విచ్ వదలగానే కదలిక, స్పిండిల్ రెండూ నిలిచిపోయేలా కడతాను. మీరు గంటన్నరసేపు గొట్టం దగ్గర చెయ్యి పెట్టి నిలబడలేరు.

బాబాయి: నిలబడలేను. ఇది నా స్విచ్ చెయ్యలేని పని, ఒప్పుకున్నా. స్పిండిల్ వేగం అందుకునేదాకా ఆగడానికి ఏం రాస్తున్నావు?

అబ్బాయి: ఎం3 తర్వాత జీ4 పీ5. ఐదు సెకన్లు ఆగుతుంది.

బాబాయి: అదే లైను పక్క షెడ్డులో ఫానుక్ మెషీన్‌కి ఇస్తే?

అబ్బాయి: అక్కడ పీ మిల్లీసెకన్లలో ఉంటుంది. ఐదు మిల్లీసెకన్లు ఆగి చెక్కలోకి దిగిపోతుంది. అందుకే దీన్నీ ఊహకి వదలను. వేగం అందుకోగానే మూసుకునే రిలే ఔట్‌పుట్ వీఎఫ్‌డీలోనే ఉంది, దాన్ని ఇన్‌పుట్‌గా తీసుకుంటాను. లెక్కపెట్టి ఆగడం కాదు, ‘అందుకున్నాను’ అన్నాకే కోత. ఇంకోటి కూడా వినండి. జీఆర్‌బీఎల్‌లో కోత మధ్యలో ఎం7 వస్తే, ముందున్న కదలికలన్నీ అయిపోయేదాకా ఆగి, నిలబడి, అప్పుడు వాల్వు తెరుస్తుంది. బిట్టు నిలబడినచోట కాలిన మచ్చ పడుతుంది. లినక్స్‌సీఎన్‌సీలో ఎం62, ఎం63 తర్వాతి కదలికతో జతగా ఔట్‌పుట్ మారుస్తాయి. నడక ఆగదు, మచ్చ పడదు. ఆ క్షణాన్ని మనిషి వేలు పట్టుకోలేదు.

బాబాయి: కాదని ఎవరన్నారు? ఎప్పుడు వేయాలో నీ ప్రోగ్రాంకి నాకంటే బాగా తెలుసు. వేసింది నిజంగా పడిందా అన్నది ఇన్‌పుట్లు పెడితేనే తెలుస్తుంది. ఏమీ తెలియని స్థితిలో ఆగిపోవాల్సిన పూచీ మాత్రం ప్యానెల్‌ది. అయితే తలుపు మీద ఐదు స్విచ్‌లు ఉంటాయి. మూడు స్థానాలవి వేస్తాను. చెయ్యి, ఆఫ్, ఆటో.

అబ్బాయి: మళ్లీ మొదటికొచ్చారు. ఎవడో పొట్టు మోటారుని ఆఫ్‌లో వదిలేస్తాడు, నా ఎం8 గాల్లో కలుస్తుంది.

బాబాయి: బోర్డు పోయిన రోజు ఆర్డరు ఆగదు కదా, చేత్తో నడపాలి. సంచీ మార్చేవాడు తన చేత్తో ఆఫ్ చేసుకుని ఉండాలి, తెర దగ్గరున్నవాడి దయ మీద కాదు.

అబ్బాయి: అయితే ఆ స్విచ్‌ల ఆటో స్థానం నుంచి ఒక్కో తీగ నా ఇన్‌పుట్లకి ఇవ్వండి. ఐదూ ఆటోలో లేకపోతే ప్రోగ్రాం మొదలే కాదు.

బాబాయి: ఇస్తాను. దానికి బదులు నువ్వొకటి చెయ్యి. చెక్క పెట్టకుండా, బిట్టు గాల్లో ఉంచి ప్రోగ్రాం నడుపు. నడుస్తుండగా కంప్యూటర్ కేబుల్ పీకుదాం, మెయిన్ దించి ఎత్తుదాం, పంపు గొట్టం మడిచి పట్టుకుందాం, ఎర్ర బటన్ కొడదాం. ప్రతిసారీ ఏది ఆగింది, ఏది ఆగలేదు, ఏ వరసలో ఆగిందో రాసుకో. ఆగకపోతే ప్రమాదమైనవాటికి నేను తీగ వేస్తాను. మరచిపోతే నష్టమైనవి నువ్వు ప్రోగ్రాంలో రాసుకో.

అబ్బాయి: స్పిండిల్ రెండిట్లోనూ వస్తుంది కదా?

బాబాయి: అందుకే దానికి రెండూ.